మూడు పాయింట్ ఆరు

మిల్డ్యూరాలో జనవరి.
తలుపు గొళ్లెం ముట్టుకుంటే చాలు,
వేలి కొసన చిటుక్కుమంటుంది.
అందుకే పొద్దున్నే నా మొదటి పని
మణికట్టుకు పట్టీ బిగించుకుని
దాని తీగను భూమికి కట్టేయడం.
మేకను గుంజకు కట్టినట్టుందని
షాపుకొచ్చినవాళ్లు నవ్వుతారు.

జప్పియా వచ్చాడు, ద్రాక్షతోటల సెబాస్టియానో జప్పియా.
పంపు కంట్రోలర్ని పాత తువ్వాల్లో చుట్టి
దెబ్బ తగిలిన పిట్టను తెచ్చినట్టు తెచ్చాడు.
"పదకొండు నెలలు నడిచింది.
నిన్న మధ్యాహ్నం ఆగిపోయింది.
నలభై నాలుగు డిగ్రీల ఎండ,
మూడు వరసలు వాడిపోయాయి."

మూత విప్పాను.
వాసన లేదు, మసి లేదు.
చిప్ నల్లగా, నున్నగా
ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.
మీటరు పెట్టాను. ఏడో కాలు
కరెంటొచ్చే కాలితో ఏకమైపోయింది.
రెండు ఓములు.
అంటే లోపల ఒక గడప కాలిపోయింది.

ఆ కాలికి కట్టింది ఐదు వోల్టుల సెన్సర్.
చిప్ తాగేది మూడు పాయింట్ మూడు.
డేటాషీటు ఆరో పేజీలో ఒక పట్టిక ఉంటుంది,
అందరూ దాటేసి పోయే పట్టిక.
మూడు పాయింట్ ఆరు, మించరాదు.
అక్కడిదాకా హాయిగా బతకొచ్చని కాదు.
ఆ గీత దాటాక
మేం ఏ మాటా ఇవ్వం అని.

జప్పియాకి ఇదెలా చెప్పను?
ప్రతి కాలి లోపలా ఇద్దరు కాపలావాళ్లుంటారయ్యా,
వెంట్రుక కన్నా సన్నవాళ్లు.
ఎక్కువైంది పైకి నెట్టేసేవాడొకడు,
సున్నా కిందికి జారితే పట్టుకునేవాడొకడు.
వాళ్లని పెట్టింది చిటుక్కుమనే మెరుపు కోసం,
సెకనులో కోటోవంతు పని కోసం.
నీ తోటలో పైవాడు
పదకొండు నెలలు డ్యూటీ దిగలేదు.

చెప్పలేదు. ఒక్కటి అడిగాను.
"స్విచ్ ఆపాక కూడా పచ్చ దీపం
మిణుకుమిణుకుమంటుండేదా?"
అతను చప్పున తలెత్తాడు.
"మార్సెల్లా చూసింది, రాత్రిపూట.
వెలుగుతోంది కదా, మంచిదే అనుకున్నాం."

అదే.
పైన మెయిన్ ఆపినా సెన్సర్ పోస్తూనే ఉంది.
కాపలావాడి భుజాల మీదుగా
దొంగ కరెంటు తాగుతూ
చిప్ మొత్తం సగం మెలకువలో
రాత్రిళ్లు గడిపింది.
దాని ఫిర్యాదు ఆ ఒక్క దీపమే.

కొత్త చిప్ అతికాను. తీగ దారిలో
రెండు రెసిస్టర్లు పెట్టాను,
పదివేలదొకటి, ఇరవైవేలదొకటి.
వచ్చినదాంట్లో మూడోవంతు అవే మింగి
మిగతాది లోపలికి పంపుతాయి.
రెండూ కలిపి ఆరు సెంట్లు.
బిల్లు నూట ముప్పై డాలర్లు.
గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నావు
అనబోయి
అతని గోళ్లకింద మట్టి చూసి ఊరుకున్నాను.

వెళ్తూ గుమ్మంలో ఆగాడు.
"ఇలాంటివే ఇంకో రెండున్నాయి, నది వైపు.
నేనే కట్టాను. బాగానే నడుస్తున్నాయి."
తీసుకురమ్మన్నాను.
"కోతలయ్యాక. నడిచేదాన్ని ఎవరు విప్పుతారు?"

నిజమే.
తెచ్చినా నేనేం చూపించగలను?
మీటరు సరైన అంకెలే చెబుతుంది,
తెరమీద అల నున్నగానే కదులుతుంది.
దెబ్బ ఎక్కడ దాక్కుందో
పోయేదాకా తెలీదు.
పోయాక, ఎప్పుడు తగిలిందో తెలీదు.

సాయంత్రం పట్టీ విప్పడం మరిచి
తలుపు దాకా నడిచాను. తీగ లాగింది.
వెనక్కొచ్చి, కూర్చుని, ఫోన్ చేశాను.
"రాత్రి ఆ రెండూ ఆపేసి
చీకట్లో ఒకసారి చూడండి."

పది దాటాక మార్సెల్లా చేసింది.
ఫోన్లో చిమ్మెటల రొద,
ఆవిడ చెప్పుల కింద ఎండుటాకులు.
"ఒకటి మిణుకుమంటోంది.
రెండోది పూర్తిగా ఆరిపోయింది.
వీటిలో ఏది బాగున్నట్టు?"